చీటీ మీద మగని పేరు

నర్సు పనిలో చేరబోయే ఆడపిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తారు. కాన్పుల గురించి అడుగుతారు, కలరా రోజుల గురించి అడుగుతారు. సెగ రోగం గురించి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడగడానికి సిగ్గు. నాకు చెప్పడానికి సిగ్గు లేదు కనుక అడగకపోయినా రాస్తున్నాను.

హైదరాబాద్ రాష్ట్రం ఉండగా ఉద్యోగంలో చేరాను. ఆంధ్రప్రదేశ్ వచ్చాక కూడా అదే తెల్లచీర కట్టుకుని ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల దవాఖానాల్లో తిరిగాను. ఏ సంవత్సరం ఏ హోదా వచ్చిందో మీకు అక్కర్లేదు. నా చేతుల మీదుగా జరిగిన రెండు తప్పులు మాత్రం మీకు కావాలి. మొదటిది దిద్దుకోలేకపోయాను. రెండోదాన్ని మొండిగా పట్టుబట్టి దిద్దుకున్నాను. మనుషుల పేర్లు మార్చాను, రెండో ఊరి పేరు చెప్పను. ఒక దేవుని పేరు మాత్రం మార్చలేను. అది మారిస్తే జరిగిందేమిటో మీకు అర్థం కాదు.

వేడి అనే మాట

ఆసిఫాబాద్‌లో కొత్తగా చేరిన రోజులు. పెళ్లై ఏడాది దాటని ఒక రైతు ఇంటి పిల్ల వచ్చింది. 

"ఒంట్ల వేడి చేసింది నర్సమ్మా. ఒంటికి పోతే మంట" అంది. 

"ఎన్ని రోజులాయె?" 

"వారమాయె. ఆయనకు గూడ గిట్లనే ఉండె. మజ్జిగ తాగితే తగ్గింది."

ఆ చివరి మాటలోనే రోగమంతా ఉంది. నా చెవికి ఎక్కలేదు. నేనూ ఆ నేల మీద పుట్టినదాన్నే కదా, వేడి అనగానే సబ్జా గింజలు, బార్లీ నీళ్లు గుర్తొచ్చాయి. అవే చెప్పి పంపాను. డాక్టరుకు చూపించాలని కూడా అనుకోలేదు. పెద్ద తెలిసినదానిలా నవ్వుతూ పంపించడం ఇప్పటికీ గుర్తుంది. తలుచుకుంటే నా మీద నాకే మంట.

రెండేళ్లకు ఆమె మళ్లీ వచ్చింది. పొత్తికడుపులో నొప్పి, నెలనెలా మంచం పట్టడం, పిల్లలు లేరు. "మావోళ్లు ఇంకో పిల్లను చూస్తున్నరు" అని మామూలుగా చెప్పింది. డాక్టరు పరీక్ష చేసి, లోపల గర్భనాళాలు దెబ్బతిన్నట్టున్నాయని, ఇక చేయగలిగింది తక్కువని నాతో విడిగా అన్నారు. మొదటిసారి వచ్చినప్పుడే మందు పడి ఉంటే ఆమె ఒళ్లో ఒక బిడ్డ ఉండేదేమో. ఆమె పేరు నాకు గుర్తుంది. మార్చి కూడా రాయను.

సెగ అంటే వేడే. రోగానికి ఆ పేరు మంటను బట్టి వచ్చింది. జనం పేరును పట్టుకుని దానికి వేడే కారణమనుకుంటారు. ఎండలో తిరిగితే వచ్చిందంటారు, కాలిన రాయి మీద ఒంటికి పోస్తే వచ్చిందంటారు, వంకాయ తింటే వచ్చిందంటారు. అదేమీ కాదు. అది కంటికి కనిపించని క్రిమి. ఆడమగ కలిసినప్పుడు ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. మగవాడికి సాధారణంగా కొద్ది రోజుల్లోనే మంట, చీము కనిపిస్తాయి. ఆడదానికి చాలాసార్లు ఏమీ కనిపించదు, లేదా కొంచెం తెల్లబట్ట అవుతుంది, దాన్ని ఎవరూ లెక్కచేయరు. మంట కొన్నాళ్లకు దానంతట అదే తగ్గవచ్చు. ఆ పేరు మజ్జిగకు వస్తుంది. క్రిమి మాత్రం లోపలే ఉండి తన పని తాను చేసుకుపోతుంది.

అరిచే డాక్టరు

తర్వాత కరీంనగర్ జిల్లాలో నేతపని వాళ్లుండే ఒక ఊరికి బదిలీ అయ్యాను. అక్కడి డాక్టర్ సాబ్ మంచి పనిమంతుడు. గాజు పలక మీద చీమును రంగు వేసి సూక్ష్మదర్శినిలో తానే చూసేవాడు. పెన్సిలిన్ సూదులు దొరకడం కష్టమైన రోజుల్లో కూడా జిల్లా కేంద్రానికి వెళ్లి, పోట్లాడి తెచ్చేవాడు. 

నోరే ఆయనకు శత్రువు. వరండాలో మగవాళ్లు బెంచీ మీద కూర్చుని ఉంటే, గది లోపలి నుంచే, "ఏ గల్లీకి పోయి తెచ్చుకున్నవ్ రా గీ సుజాక్?" అని కేక వేసేవాడు. సుజాక్ అంటే సెగకు ఉర్దూ పేరు, ఆ ఊళ్లో అందరికీ తెలిసిన మాట. బెంచీ మీద ఉన్న మిగతావాళ్లు చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా లేచి పోయేవారు. వెళ్లి సంతలో భస్మాలు అమ్మేవాడి ముందు కూర్చునేవారు. ఆయన చెయ్యి బాగుచేసిన వాళ్లకంటే నోరు తరిమేసిన వాళ్లే ఎక్కువని నా అంచనా.

అయితే ఒక సంగతి ఆయనే నాకు నేర్పాడు. పెళ్లానికి సూది వేసి మొగుణ్ని వదిలేస్తే, ఆమె ఇంటికి వెళ్లిన వారంలో రోగం మళ్లీ తెచ్చుకుంటుంది. ఒకసారి వచ్చి తగ్గితే ఇక రాదనుకోవడానికి ఇది అమ్మవారు కాదు. ఎన్నిసార్లయినా వస్తుంది. అందుకని ఆయన చీటీ పద్ధతి పెట్టాడు. భార్యకు రోగం తేలితే భర్త పేరు మీద చీటీ రాసి, అంటించి, చప్రాసీతో పంపాలి. "మీ భార్యకు సెగ రోగమున్నట్లు తేలినది. మీరు కూడా వచ్చి సూది వేయించుకోవలెను." ఆలోచన మంచిదే. రాసిన తీరే తప్పు. ఆ తీరు మార్చమని అడిగే తెలివి అప్పుడు నాకూ లేదు.

వేములవాడ దేవుని పేరు

కనకవ్వ ఏడో నెలలో వచ్చింది. కడుపులో బిడ్డను చూపించుకుందామని వచ్చింది, తెల్లబట్ట సంగతి మాటల్లో బయటపడింది. పలక మీద సెగ తేలింది. భర్త షోలాపూర్ మిల్లుల్లో పనిచేస్తూ వచ్చి పోతుండేవాడు. ఈ మధ్యే పూర్తిగా ఇంటికి వచ్చేసి మగ్గం మీద కూర్చుంటున్నాడు. 

ఆమెకు సూది వేసి అసలు సంగతి చెప్పాను. కాన్పు నాటికి ఈ రోగం మళ్లీ ఉంటే పుట్టేటప్పుడు బిడ్డ కళ్లకు అంటుకుంటుంది, రెండు మూడు రోజుల్లో కళ్ల నిండా చీము పడుతుంది, చూపే పోవచ్చు. కనకవ్వ రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. 

"మరి ఆయనకు గూడ సూది పడాలె గదా?" 

"పడాలె. మీ ఆయన పేరేంది?" 

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గదెట్ల చెప్త నర్సమ్మా?" 

మొగుని పేరు పలకని ఆడవాళ్ల దగ్గర పేరు రాబట్టడం మాకు రోజూ ఉన్న పనే. చంద్రుని చూపిస్తే చంద్రయ్య, మల్లెపువ్వు అంటే మల్లయ్య. ఆ విద్యలో నన్ను మించినవాళ్లు లేరని గర్వం కూడా ఉండేది.

"జర గుర్తన్న చెప్పు." 

"వేములవాడ దేవుని పేరే." 

వేములవాడ దేవుడంటే రాజన్న. "రాజయ్యేనా?" అన్నాను. 

కనకవ్వ చటుక్కున తల వంచి, ముసుగు లాక్కుని గోడవైపు తిరిగింది. మొగుని పేరు వినగానే ఎంత సిగ్గో అని నవ్వుకుని, "రాజయ్య" అని రాసేశాను. ఆమెకు చదువు రాదు. నేను పైకి చదివి వినిపించలేదు.

తప్పు చేతిలో పడ్డ చీటీ

మూడో రోజు పొద్దెక్కాక కనకవ్వ రొప్పుకుంటూ వచ్చింది. 

"నర్సమ్మా, కొంప ముంచినవు. చీటీ మా బావకు పోయింది." 

వాళ్ల అత్త ఇద్దరు కొడుకుల్నీ రాజన్నకు మొక్కుకునే కన్నదట. పెద్దవాడు రాజయ్య, చిన్నవాడు రాజేశం. కనకవ్వ భర్త రాజేశం. నేను పేరు రాసింది ఆమె బావది, అంటే భర్త అన్నది. ఆయనకు చదువు వచ్చు. "మీ భార్యకు" అని ఉండేసరికి తన భార్యకే అనుకున్నాడు. ఆమె పేరు లచ్చవ్వ, కనకవ్వ అక్కా అని పిలిచే తోడికోడలు. నలుగురిలో చెయ్యి చేసుకుని తల్లిగారింటికి వెళ్లగొట్టాడు. 

"మా అక్క ఎన్నడు దవాఖాన మెట్లెక్కలే నర్సమ్మా. తనకేమెరుక? ఏడ్సుకుంట పోయింది. నేను నోరు తెరిస్తె నన్ను గూడ వెళ్లగొడ్తరు. తెరవకుంటె అక్క ఉసురు నాకు తగుల్తది." 

"నేను రాజయ్యేనా అన్నప్పుడు కాదనలేదేం?" 

"మా బావ పేరు నా ముంగట అంటివి. నేను తలెట్ల ఎత్తాలె?"

బావ ఎదురుపడితే పక్కకు తప్పుకునే ఇంటి కోడలు ఆమె. మొగుని పేరెంతో బావ పేరూ అంతే. ఆ పేరు వినడానికే ఆమె తల వంచితే, దాన్ని నేను అవునని చదువుకున్నాను. తెలియనిది అడిగి తెలుసుకోకుండా, తెలుసనుకుని రాసినందుకు ఒక ఆడది ఇల్లు విడిచింది.

ఆసిఫాబాద్ పిల్ల కళ్ల ముందు మెదిలింది. ఈసారి మాత్రం వదలకూడదనుకున్నాను. రెండు పనులు కావాలి. లచ్చవ్వ ఇంటికి తిరిగి రావాలి. కాన్పు లోపల రాజేశానికి సూది పడాలి. ఈ రెండూ కనకవ్వ పేరు బయటకు రాకుండా జరగాలి.

నా పేరుతో కాగితం

డాక్టర్ సాబ్ దగ్గరికి వెళ్లి, చీటీ తప్పు పోయిందని రాసిమ్మన్నాను. 

"దవాఖాన తప్పు చేసిందని రాసిస్తే రేపు ప్రతివాడు వస్తడు. చుప్ చాప్ ఉండు సిస్టర్" అన్నాడు. 

"తప్పు దవాఖానది కాదు సార్, నాది. నా పేరుతోనే రాసిస్తా." 

"నౌకరీ పోతది." 

"పోనీయండి సార్. ఆమె ఇల్లు పోయింది." 

ఆయన ఎర్రగా చూశాడు. నేను ఆగలేదు. రాజయ్య భార్య లచ్చవ్వ ఈ దవాఖానకు ఎన్నడూ రాలేదని, చీటీ మీద పేరు నేనే తప్పు రాశానని కాగితం మీద పెట్టి సంతకం చేశాను. తీసుకుని నేరుగా వాళ్లింటికి నడిచాను.

అన్నదమ్ములిద్దరూ చెరో మగ్గం మీద ఉన్నారు. అత్త గడప దగ్గర కూర్చుని ఉంది. కనకవ్వ లోపలి తలుపు వెనక ఉందని గాజుల చప్పుడే చెప్పింది. రాజయ్య కాగితం రెండుసార్లు చదివాడు. 

"మరి గా చీటీ ఎవలిది?" 

"అది చెప్ప." 

"ఎవలిదో కానిది నా పేరు మీద ఎట్ల వస్తది?" 

"రాజన్న పేరు పెట్టుకున్నోళ్లు ఈ ఊర్ల నువ్వొక్కనివేనా?" 

అత్త వేళ్లు మడవడం మొదలుపెట్టింది. "మన వాడకట్టులనే రాజలింగం, రాజమల్లు, కిరాణం రాజయ్య, కుంటి రాజయ్య... గంతెందుకు, మన ఇంట్లనే ఇద్దరున్నరు!" అని తనే నవ్వింది. 

రెండో మగ్గం ఆగిపోయింది. రాజేశం తల ఎత్తలేదు. తొక్కుడు కర్ర మీద కాలు అలాగే ఉండిపోయింది. నేను అటువైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను.

రాజయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే తియ్యి. లచ్చవ్వను రమ్మని నువ్వే చెప్పిరా" అన్నాడు, కాలవ మీద మరిచిపోయిన బట్టలు తెమ్మన్నట్టు.

లచ్చవ్వ

లచ్చవ్వ తల్లిగారి ఊరు సుల్తానాబాద్ అవతల. బస్సు దిగి నడిచి వెళ్లాను. ఆమె వాకిట్లో కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. నేను చెప్పిందంతా విన్నది. రాట్నం ఆపలేదు. 

"తప్పు నీదని కాగితం రాసినవు. మంచిదే. ఆయనేడి?" 

"నన్ను పంపించిండు." 

"వెళ్లగొట్టెటప్పుడు నిన్ను పిలిచిండా?" 

నేను రాట్నం పక్కనే నేల మీద కూర్చున్నాను. 

"చీటీ చూసి నన్నొక్క మాట అడగలే నర్సమ్మా. ఇన్నేండ్ల కాపురం, ఒక్క మాట. ఆయనే రావాలె. మా బాపు ముంగట తప్పైందనాలె. లేకుంటె నా కండెలు నాకున్నయి." 

ఆమె మొండితనం నాకు నచ్చింది. వెళ్లి రాజయ్యకు ఉన్నదున్నట్టు చెప్పాను. నాలుగు రోజులు గింజుకున్నాడు. అయిదో రోజు బస్సెక్కాడు. మామ ముందు తప్పైందన్నాడు. ఆ మాట లచ్చవ్వే నాకు తర్వాత చెప్పింది, కొంచెం గర్వంగానే.

తిరిగి వచ్చిన మర్నాడే ఆమె దవాఖానకు వచ్చింది. ఎవరూ లేకుండా చూసి, నెమ్మదిగా అడిగింది. 

"గా చీటీ మా కనకవ్వది గదా?" 

నేను సూదులు ఉడికించే గిన్నె వైపు తిరిగాను. 

"నువ్వు చెప్పకు. నేను అడుగుతలే. నేను పోయినప్పటి దాని మొకం చూసిన, వచ్చినప్పటి మొకం చూసిన. నాకు గంతే చాలు. ఒక్కటి చెప్పు. గసుంటి రోగం ఉంటె కడుపుల బిడ్డకేమన్న అయితదా?" 

ఎవరి పేరూ ఎత్తకుండా, ఏ తల్లికైనా ఏమవుతుందో చెప్పాను. మొగునికి మందు పడకపోతే ఆమెకు పడ్డ మందు నీళ్లపాలేనని చెప్పాను. బిడ్డ కళ్ల సంగతి చెప్పాను. ఆమె లేచి కొంగు దులుపుకుంది.

మర్నాడు పొద్దున్నే రాజేశాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. అతని చేతికి గుడ్డ చుట్టి ఉంది. వరండాలో అందరికీ వినిపించేలా, "మా మరిది చేతికి ఇనుము గీరుకపోయింది నర్సమ్మా, సూది ఇయ్యిండ్రి" అంది. గుడ్డ కింద గీత కూడా లేదు. అతని చెవిలో మాత్రం, "పో రా రాజేశం. నీ కోసం గాదు, దాని కడుపుల ఉన్నదాని కోసం" అనడం నాకు వినిపించింది. ఎవరి తప్పుకు తను ఇల్లు విడవాల్సి వచ్చిందో, వాణ్ని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చిన మనిషి ఆమె. చదువుకున్న మాకెవరికీ తట్టని ఉపాయం ఆమెకు తట్టింది.

నేను అతన్ని వెనక గుమ్మం నుంచి కట్లు కట్టే గదిలోకి తీసుకుపోయి, డాక్టర్ సాబ్‌ను అక్కడికే పిలిచాను. ఆయన అతన్ని చూశాడు, నన్ను చూశాడు. ఆ రోజు అరవలేదు. "ఎన్ని దినాలాయె బేటా?" అని మెల్లగా అడిగాడు. ఆ గొంతు ఆయనకు ఉందని నాకు అప్పుడే తెలిసింది. అదే రోజు కాన్పు పరీక్ష పేరుతో కనకవ్వను పిలిపించి మళ్లీ సూది వేశాం. పరీక్షలో ఇద్దరికీ తగ్గిందని తేలేదాకా వేరుగా పడుకోవాలని ఇద్దరికీ విడివిడిగా చెప్పాను.

చీటీ కూడా మారింది. రోగం పేరు తీసేశాం, "భార్య" అనే మాట తీసేశాం, దవాఖాన పుస్తకంలో రోగికి వేసిన అంకె ఒక్కటే ఉంచాం. చప్రాసీతో పంపడం మానేసి రోగి చేతికే ఇచ్చాం. డాక్టర్ సాబ్ దాన్ని తన ఆలోచన అని పైవాళ్లకు రాసుకున్నాడు. రాసుకోనీ.

మీకు చెప్పేది

మా కాలపు పెన్సిలిన్‌ను నమ్ముకుని కూర్చోకండి. ఈ క్రిమి మందులకు అలవాటు పడుతుంది, ఆ సూదికి లొంగడం మానేసింది. ఇప్పుడు ఏది పనిచేస్తుందో డాక్టరే చెప్పాలి. దుకాణంలో రెండు మాత్రలు కొని, మంట తగ్గగానే ఆపేసే వాళ్లను గట్టిగా ఆపండి. తొడుగు వాడితే రోగం చాలావరకు రాదు, ఆ మాట మగవాళ్లకు నీళ్లు నమలకుండా చెప్పండి. గర్భిణిని చూసినప్పుడు ఆమె చెప్పకపోయినా ఈ పరీక్ష గుర్తు పెట్టుకోండి. బిడ్డ పుట్టగానే కళ్లలో మందు వేయడం మరిచిపోకండి. ఒకరికి తేలితే ఇద్దరికీ ఒకేసారి వైద్యం చేయించండి. ఎవరు ఎవరికి అంటించారని పంచాయితీ పెట్టకండి, అది మన పని కాదు. 

అన్నిటికంటే ముందు, ఎదుటి మనిషి తల వంచితే అవునని రాసుకోకండి. "ఇదేనా?" అని మీరే జవాబు అందించకండి. మళ్లీ అడగండి, ఇంకో తీరున అడగండి, రాసింది పైకి చదివి వినిపించండి.

కనకవ్వకు ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే కళ్లు తుడిచి చుక్కల మందు నేనే వేశాను. మూడు రోజులు పూటపూటకూ రెప్పలు ఎత్తి చూశాను. వాపు లేదు, చీము లేదు. నాలుగో రోజు ఆ పిల్ల లచ్చవ్వ ఒళ్లో పడుకుని కిటికీ వెలుతురు వైపు నల్లటి కళ్లు తిప్పింది. లచ్చవ్వ దాని బుగ్గ మెల్లగా నిమిరింది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

తర్వాత పుట్టుకల పుస్తకం తీశాను. తండ్రి పేరు దగ్గర ఆగి, అలవాటు ప్రకారం అత్త వైపు తిరిగాను. ఆమె నోరు తెరిచేలోపు మంచం మీది నుంచి గొంతు వచ్చింది.

"రాజేశం." 

అత్త చెంపలు వేసుకుంది. "ఏందే కనకవ్వా, మొగని పేరు గట్ల ఒర్లుతున్నవు? సిగ్గు లేదా?" 

కనకవ్వ తల వంచలేదు. లచ్చవ్వను ఒకసారి చూసి, నా వైపు తిరిగింది. 

"రాజేశం. సరిగ్గ రాసుకో నర్సమ్మా." 

రాశాను. రాసి, ఆమెకు పైకి చదివి వినిపించాను.